ఇస్త్రీపెట్టెకు కుదురు

తనంతట తాను నిలువలేని వస్తువునకు నిలుచు చోటు కల్పించుట తెలుగువారి యిండ్లలో చిరకాలమునుండి వచ్చుచున్న అలవాటు. కుండ అడుగు గుండ్రముగా నుండును. అది చదునైన నేలపై నిలువదు. కావున గడ్డిని చుట్టగా చుట్టియో, వెదురు బద్దలతో అల్లియో, మట్టితో చేసియో దాని క్రింద నుంచిరి. దానికి కుదురు అని పేరు. కత్తికి ఒర యున్నది. దీపమునకు కుంది యున్నది. కుదురు అను మాట కుండ క్రిందనే ఆగిపోలేదు. అల్లరి మాని కూర్చుండిన బాలుని చూచి కుదురుగా నున్నాడని పెద్దలు సంతోషింతురు. వస్తువు నిలకడకును మనిషి నిలకడకును తెలుగుభాష ఒకే మాటను వాడినది.

ఇన్నింటికి కుదుళ్ళు సమకూర్చిన యింటిలో మిక్కిలి అపాయకరమైన ఒక పనిముట్టునకు మాత్రము సరియైన కుదురు లేదు. అది ఇస్త్రీపెట్టె. దానిని కొనునప్పుడు బరువు చూతురు, అడుగుపలక నునుపు చూతురు, తీగ పొడవు చూతురు, వెల బేరమాడుదురు. వేడెక్కిన పిమ్మట దానిని ఎక్కడ దించవలెనని అడుగువారు అరుదు. అమ్మువాడును చెప్పడు.

ఇస్త్రీ అను మాట, సాగదీయుట అని అర్థమిచ్చు ఒక పోర్చుగీసు మాటనుండి పుట్టినదని భాషావేత్తలు చెప్పుదురు. పెట్టె మాత్రము అచ్చమైన తెలుగు. కడుపులో బొగ్గులు పోసికొను పెట్టె గనుక దానికి ఆ పేరు తగియున్నది. విద్యుత్తుతో వేడెక్కు నేటి పనిముట్టులో బొగ్గులు లేవు, పెట్టెయు లేదు. పేరొక్కటి నిలిచినది.

ఈ పనిముట్టు కదలుచున్నప్పటికంటె ఆగియున్నప్పుడే ఎక్కువ కీడు చేయును. చేతిలో నున్నంతసేపు దాని మీద కన్నుండును. చేయి విడిచిన క్షణమున కన్నును దానిని విడుచును. ఒక చొక్కాను ఇస్త్రీ చేయు తీరు చూచిన ఈ సంగతి తెలియును. మెడపట్టీ ఒకమారు, చేతులు రెండుమారులు, వీపు ఒకమారు, ముందు భాగములు రెండుమారులు. ఇట్లు త్రిప్పిన ప్రతిసారియు బట్టను సవరించుటకు రెండు చేతులును కావలెను. రెండు చేతులును బట్ట మీద నుండగా ఇస్త్రీపెట్టె ఎక్కడనో ఒకచోట కూర్చుండవలెను గదా! ఒక్క చొక్కాకే అది ఎనిమిది పదిమారులు దిగును. పది చొక్కాలుండిన నూరుమారులు దిగును. నూటిలో ఒక్కమారు ఏమరుపాటు కలుగుట వింత కాదు. కలుగకుండుటయే వింత.

ప్రమాదము జరిగిన యింటిలో మొదట వినబడు మాట, "కొంచెము జాగ్రత్తగా ఉండరాదా?" అని. ఈ మాట ఆ ఇల్లాలికి కాలిన గాయముకంటె ఎక్కువ బాధ కలిగించును. పొయ్యి మీద పాలు పొంగుచుండును, వాకిట ఎవరో పిలుచుచుండుదురు, బడికి వేళ మించుచుండును. ఇన్నింటి నడుమ కాలుచున్న ఇనుమును పరుపు మీదనో, దుప్పటి మడత మీదనో దించి లేవవలసి వచ్చెను. దించుటకు తగిన చోటు చూపనివారు జాగ్రత్తను గూర్చి ఉపదేశించుట న్యాయము కాదు. జాగ్రత్త మంచి గుణమే. కాని అది అలసిపోవు గుణము. ఇనుప స్టాండు అలసిపోదు.

ఇందులో మరియొక చిక్కు కలదు. వేడి కంటికి కనబడదు. సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటిననే గాని ఇనుము చీకటిలోనైనను ఎఱ్ఱబడినట్లు తోపదు. నూలు బట్టలకు తగినట్లు వేడిచేసిన ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 డిగ్రీలుండును. దుస్తుల లోపల కుట్టియుండు గుర్తులలో ఇస్త్రీపెట్టె బొమ్మ మీద మూడు చుక్కలున్నచో ఆ వేడి వరకు తాళునని అర్థము. రెండు చుక్కలకు 150, ఒక చుక్కకు 110 డిగ్రీలు. ఈ వేడులన్నిటియందును ఇనుము చల్లనిదానివలెనే కనబడును. అద్దమువలె మెరయు ఆ పలకను చూచిన పసిబిడ్డకు దానిలో తన ముఖము తోచునే గాని నిప్పు తోపదు. 60 డిగ్రీల వేడి గల నీరే సుమారు 5 సెకనులలో పెద్దవారి చర్మమును లోతుగా కాల్చగలదు. పిల్లల చర్మము పలుచన. వారికి అంత సేపు కూడ పట్టదు. పైగా పసివాడు వేడి తగిలిన వెంటనే చేయి తీసికొనుట యెరుగడు. భయపడి ఒక క్షణము అట్లే నిలిచిపోవును.

అట్టి గాయము తగిలినప్పుడు ధారగా పడు చల్లని కుళాయి నీటి క్రింద 20 నిమిషములు ఉంచవలెను. ఉంగరములు, గాజులు వాపు రాకముందే తీయవలెను. మంచుగడ్డ, సిరా, పళ్ళపొడి ముద్ద మొదలగునవి పూయరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి వైద్యుని యొద్దకు కొనిపోవలెను. ఇది చికిత్స మాట. ఇచ్చట చర్చింపవలసినది చికిత్స అవసరము రాకుండుట.

పూర్వము పాశ్చాత్య దేశములలో ఇస్త్రీ పనిముట్టు అనగా పిడి గల బరువైన ఇనుపదిమ్మె. దానిని పొయ్యి మీద కాల్చి వాడెడివారు. పిడియు ఇనుముదే గనుక అదియు కాలెడిది. 1871వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమునకు చెందిన మేరీ ఫ్లారెన్స్ పాట్స్ అను స్త్రీ, ఊడదీయుటకు వీలగు కొయ్యపిడిని కనిపెట్టి హక్కు పత్రము పొందెను. ఒక దిమ్మె చల్లారగానే పిడిని విడదీసి, పొయ్యి మీద కాగుచున్న మరియొక దిమ్మెకు తగిలింపవచ్చును. ఆ పనిముట్టు అంగడిలో అమ్ముడైన తీరు గమనింపదగినది: మూడు దిమ్మెలు, ఒక పిడి, వాటితోపాటు వేడి దిమ్మెను దించుటకు ఒక స్టాండు. ఈ మూడును కలిసిననే అది పూర్తియైన పనిముట్టు. ఆ కాలపు కమ్మరులు ఈ స్టాండులను మూడు కాళ్ళతోనో, నాలుగు కాళ్ళతోనో పోతపోసి, వాని నడుమ లతలు, నక్షత్రములు తీర్చెడివారు. అందము కొరకే చేసినను ఆ రంధ్రములవలన మరియొక మేలు కలిగెను. వేడి దిమ్మె తాకు చోటు తగ్గెను.

1882లో న్యూయార్కు నగరవాసియైన హెన్రీ సీలీ విద్యుత్తుతో వేడెక్కు ఇస్త్రీపెట్టెకు హక్కు పత్రము పొందెను. తొలినాటి విద్యుత్ ఇస్త్రీపెట్టెలలో పెక్కింటికి విడిగా స్టాండు ఉండెడిది. తరువాత తయారీదారులు పెట్టె వెనుక భాగమును చదును చేసి, దానిని నిటారుగా నిలుపు పద్ధతి తెచ్చిరి. స్టాండు ఖర్చు తప్పినది. స్టాండే మాయమైనది.

నిటారుగా నిలుపు పద్ధతి పనికిమాలినదని చెప్పరాదు. ఇనుపకాళ్ళ బల్ల మీద, చదునైన చోట, పెద్దవారు మాత్రమే యున్న గదిలో అది చాలవరకు పనిచేయును. తెలుగువారి యిండ్లలో ఇస్త్రీ ఎక్కడ జరుగునో చూడవలెను. పెక్కు ఇండ్లలో నేల మీద దుప్పటి నాలుగు మడతలు పరచి చేయుదురు; లేదా మంచము మీద చేయుదురు. దుప్పటి మెత్తన, పరుపు మరింత మెత్తన. ఏ వస్తువైనను దాని గరిమనాభి నుండి గీసిన నిలువు గీత దాని ఆధారపు వైశాల్యములో పడినంతవరకే నిలిచియుండును. నిటారుగా నిలిచిన ఇస్త్రీపెట్టె పొడవైనది, దాని ఆధారము అరచేతి యంత కూడ లేదు. మెత్తని చోట ఒకప్రక్క కొంచెము క్రుంగినను ఆ గీత వెలుపల పడును; పెట్టె పడిపోవును. తీగ కాలికి తగిలినను అంతే. పడునప్పుడు వేడి పలకయే క్రిందికి వచ్చును. నేల మీద నున్నప్పుడు అది ప్రాకు బిడ్డ ముఖమునకు సరియైన ఎత్తులో నుండును. నిటారుగా నిలిపినచో పలక అంతయు బయటికి తెరచియుండుటయు ఒక దోషమే.

వీధిలో బండి మీద ఇస్త్రీ చేసి బ్రతుకువారిని చూచిన వేరొక పాఠము దొరకును. వారి బొగ్గుల పెట్టె ఇత్తడితోనో, పోత ఇనుముతోనో చేసినది. బరువు ఐదు కిలోలకు తక్కువ కాదు. దానిని నిటారుగా నిలుపుట సాధ్యము కాదు. నిలిపిన నిప్పులన్నియు ఒక వైపునకు దొర్లును. కావున వారు బల్ల చివర ఇటుక ముక్కయో, ఇనుప చట్రమో పెట్టుకొని దాని మీద దించుదురు. ఏ పుస్తకమును చదువకయే వారు కనుగొన్న కుదురు అది. అది ఎప్పుడును ఒకే చోట నుండును. వారి చేయి చూడకుండగనే అక్కడికి పోవును. ఇదియే దానిలోని మేలు. దిగవలసిన చోటు మారుచుండిన, చేయి వెదకును. వెదకు చేయి తడబడును. ఒకరి చొక్కా కాలినచో దాని వెల ఆ దినపు కూలిలో నుండి పోవును గనుక, వారికి ఈ సంగతి ఇండ్లలోని వారికంటె బాగుగా తెలియును. ఇప్పుడు వారిలో కొందరు గ్యాసుతో వేడెక్కు పెట్టెలు వాడుచున్నారు. పెట్టె మారినను ఇటుక మారలేదు.

ఇట్టి బండిని శ్రద్ధగా చూచిన ఒక విద్యార్థిని ఏమి చేసెనో చెప్పుట అప్రస్తుతము కాదు. తమిళనాడులోని తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్, బడిలో చదువుకొనుచున్న దినములలోనే, వీధిలో ఇస్త్రీ చేయువారు వాడి పారవేయు బొగ్గులను చూచి, సూర్యశక్తితో పనిచేయు ఇస్త్రీ బండిని రూపొందించెను. దానికి 2020లో స్వీడన్ దేశపు బాలల వాతావరణ బహుమతి లభించెను. 2021లో గ్లాస్గో నగరమున జరిగిన వాతావరణ మహాసభలో ఆమె ప్రసంగించెను. ఆ బండితో పోల్చిన స్టాండు చిన్న పని. ఎనిమిదవ తరగతి బాలబాలికలు తమ ఊరి కమ్మరి సహాయముతో చేయదగిన పని.

దానిని చేయబూనువారు మొదట మందపాటి ఇనుపరేకు ముక్క చాలునని తలంతురు. అది చాలదు. ఇనుము మంచి ఉష్ణవాహకము. పెట్టె వేడి రేకునకు, రేకు వేడి బల్లకు దిగును. కొయ్య సుమారు 250 డిగ్రీల మీద తేలికగా అంటుకొనునందురు. కాని అంతకు తక్కువ వేడి కూడ గంటల తరబడి తగులుచుండిన కొయ్య నల్లబడి బొగ్గగును. పైగా పెట్టె వేడిని రేకు లాగుకొనుచుండిన విద్యుత్తు వ్యర్థమగును. కావున స్టాండు పెట్టెను తాకు చోటు వీలైనంత తక్కువగా నుండవలెను. చిటికెన వ్రేలంత లావు లేని ఇనుప కడ్డీని పెట్టె ఆకారమున వంచి, లోపలి వైపునకు నాలుగైదు బొడిపెలు పెట్టిన చాలును. పెట్టె ఆ బొడిపెల మీద కూర్చుండును. క్రింద గాలి యుండును. గాలి అధమ వాహకము. దాని వెల ఏమియు లేదు.

గాలి ఉష్ణవహనమును అడ్డగించును గాని ఉష్ణవికిరణమును అడ్డగింపదు. పలక నుండి వేడి కిరణములు క్రిందికి ప్రసరించుచునే యుండును. అందులకై బొడిపెలకు రెండు వ్రేళ్ళ దూరము క్రింద ఒక తళతళలాడు పలుచని రేకును అమర్చవలెను. మెరయు తలము వేడిని వెనుకకు త్రిప్పును. ఆ రేకు క్రింద మరల కొంత ఖాళీ, తరువాత బల్ల. పాతకాలమున ఈ చోట ఆస్బెస్టాస్ అను రాతినార పలకను పెట్టెడివారు. అది వేడిని బాగుగా ఓర్చును. కాని దాని సన్నని నూగు ఊపిరితిత్తులలో చేరి పుట్టకురుపు వ్యాధిని, అనగా క్యాన్సరును కలిగించునని నిశ్చయముగా తెలిసినది. ఇంటిలో అట్టి పాత పలక యున్నచో దానిని కోయుట, గీకుట కూడదు. ఇటుక, కాల్చిన మట్టి పెంకు, లేదా వేడిని ఓర్చునట్టి సిలికోన్ పలక వాడవచ్చును.

కాళ్ళు మూడా, నాలుగా? ఇందు భిన్నాభిప్రాయములు కలవు. మూడు కాళ్ళది ఎంత ఎగుడుదిగుడు నేల మీదనైనను ఊగదు. మూడు బిందువులు ఎప్పుడును ఒకే తలములో నుండును గదా. పొయ్యికి మూడు రాళ్ళు, పీటకు మూడు కాళ్ళు పెట్టిన పూర్వులకు ఇది అనుభవమున తెలిసినది. నాలుగు కాళ్ళది బండలు పరచిన నేల మీద టకటకలాడును. కాని మూడు కాళ్ళదానికి రెండు కాళ్ళ నడుమ అంచు బలహీనము. అచ్చట నొక్కిన తలక్రిందులగును. కావున మూడు కాళ్ళే పెట్టి, వానిని పెట్టె అంచుకంటె బయటికి బాగుగా చాచుట మేలు: వెనుక రెండు, మొన క్రింద ఒకటి. ఎత్తు తక్కువగా నుండవలెను. ఎత్తయిన స్టాండు చూచుటకు ఠీవిగా నుండును గాని పడిపోవుటకును అంత తొందరపడును.

చుట్టును అంచు ఉండవలెను. లేనిచో తీగ లాగబడినప్పుడు పెట్టె జారును. అయితే అంచు నిటారుగా నుండిన, తొందరలో దించు చేయి అంచు మీదనే పెట్టెను పెట్టును. దానిని గరాటు మూతివలె వెలుపలికి వాల్చవలెను. అప్పుడు పెట్టె కొంచెము అటునిటుగా దించినను తానై జారి తన చోట కూర్చుండును. కుండ కుదురులో ఒదుగుట చూచినవారికి ఈ ఏర్పాటు క్రొత్త కాదు. బయటి చుట్టు, పెట్టెకు ఒక వ్రేలు ఎడముగా, జల్లెడ వంటి తీగ అల్లిక పెట్టినచో పసిపిల్లల అరచేయి పలకను తాకదు. పిడి మాత్రము పైకి తేలియుండవలెను.

ఇన్ని చేసినను ఒక లోపము మిగులును. పెట్టెను ఎత్తిన పిమ్మట స్టాండు ఖాళీగా కనబడును. కాని అదియు కాలుచునే యుండును. చల్లని పెట్టెను, వేడి పెట్టెను వేరుపరుపలేని కన్ను ఖాళీ స్టాండును అసలు అనుమానింపదు. దీనికి పూర్తి విరుగుడు లేదు. పని ముగిసిన వెంటనే తీగ ఊడదీసి, పెట్టెతో సహా స్టాండును పిల్లలకు అందని గూటిలో చల్లారువరకు ఉంచుట ఒక్కటే మార్గము. తానై ఆగిపోవు ఇస్త్రీపెట్టెలు ఇప్పుడు వచ్చినవి. అవి మంచివే, కాని విద్యుత్తు ఆగినంత మాత్రమున వేడి ఆగదు.

స్టాండు పెట్టిన పెట్టె వెల పెరుగునని తయారీదారులు చెప్పవచ్చును. కొంత పెరుగును. తీగ లేకుండ పనిచేయు నేటి క్రొత్త పెట్టెలకు మాత్రము వారే పీఠము చేసి యిచ్చుచున్నారు. ఏలయన ఆ పెట్టె వేడెక్కుటకు పీఠము కావలెను. పెట్టెకు అవసరమైనప్పుడు ఇచ్చిన పీఠమును, మనిషికి అవసరమైనప్పుడు ఇయ్యకుండుటకు కారణమేమో వారే చెప్పవలెను. మాటలాడలేని ఆ పసిబిడ్డ తరఫున కొనువారే అంగడిలో అడుగవలసియున్నది. పది మంది అడిగిన అంగడివాడు తెప్పించును.

అంతవరకు కమ్మరి చేసిన స్టాండును పరీక్షించి వాడుకొనవచ్చును. గృహోపకరణముల భద్రతా ప్రమాణములు 10 డిగ్రీల వాలు మీద పెట్టినను వస్తువు పడిపోరాదని కోరుచున్నవి. మీటరు పొడవు గల పలక యొక్క ఒక కొనను సుమారు 17 సెంటీమీటర్లు ఎత్తిన ఆ వాలు ఏర్పడును. చల్లని ఇస్త్రీపెట్టెతో సహా స్టాండును దాని మీద నాలుగు దిక్కులకును త్రిప్పి చూడవలెను. తీగను ప్రక్కకు లాగియు చూడవలెను. రెండవ పరీక్ష ఉపాధ్యాయుని ఎదుట మాత్రమే చేయదగినది. స్టాండు క్రింద బల్ల మీద చిన్న క్రొవ్వొత్తి ముక్క నుంచి, పూర్తిగా వేడెక్కిన పెట్టెను స్టాండులో అరగంట ఉంచవలెను. క్రొవ్వొత్తి మైనము సుమారు 50, 60 డిగ్రీల నడుమ కరగును. చర్మమును కాల్చు వేడియు ఇంచుమించు అచ్చటనే ఆరంభమగును. మైనము మెత్తబడినచో రేకు ఇంకను క్రిందికి దింపవలెను, లేదా రెండవ రేకు చేర్పవలెను. అప్పుడు క్రొత్త ముక్క తెచ్చి మరల చూడవలెను.